తల్లివేరు లేని చెట్టు

చిరంజీవి అమ్మడికి,

తాతయ్య దీవించి రాయునది.

నువ్వు హైదరాబాదు బస్సెక్కి నెల దాటింది. బయల్దేరే ముందురాత్రి భోజనాలయ్యాక అరుగు మీద నా పక్కన కూర్చున్నావు. "తాతయ్యా, అందరికీ జీవితంలో ఏదో ఒక లక్ష్యం ఉంది, నాకే లేదేమో" అన్నావు. కంపెనీ మారదామని ఇంటర్వ్యూకి వెళ్తే అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావని అడిగారట, ఏమీ తోచక ఏదో అల్లి చెప్పేసి వచ్చావట. కలిసి చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లూ తలో దిక్కూ అయిపోయారన్నావు. ఒకమ్మాయి అమెరికాలో ఎమ్మెస్, ఒకమ్మాయికి వైజాగులో పెళ్లయి చంటిబిడ్డ, ఇంకో ఇద్దరు బెంగుళూరు. "గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఇంకేం మిగల్లేదు" అన్నావు.

నేనేమన్నానో గుర్తుందా? "పొద్దుపోయింది, పడుకో తల్లీ, రేపు ప్రయాణం" అన్నాను. డెబ్బై ఆరేళ్లవాడు ఇరవై నాలుగేళ్ల పిల్లకి చటుక్కున జవాబు చెప్పేస్తే, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పి అడగదు. అందుకని నెల్లాళ్లూ తోటలో తిరుగుతూ నీ మాటే నెమరేసుకుని, ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో అయితే "ఊఁ, ఊఁ" అంటూనే ఇంకో పని చేసుకుంటావు, నాకు తెలుసు.

నాకు బాగా వచ్చిన చదువు కొబ్బరి ఒక్కటే. అందులోంచే చెబుతాను, ఏరుకో.

కొబ్బరిచెట్టుకి తల్లివేరు ఉండదమ్మా. మామిడికి ఉంటుంది, చింతకి ఉంటుంది, భూమిలోకి నిలువుగా దిగిపోయిన వేరు ఒకటి చెట్టంతటినీ పట్టుకుంటుంది. కొబ్బరి మొదలు తవ్వి చూడు. చిటికెనవేలంత లావు కూడా లేని వేళ్లు వేలకొద్దీ నాలుగువైపులా పాకి ఉంటాయి. అందులో ఏ ఒక్కదాన్ని కోసేసినా చెట్టుకి తెలియను కూడా తెలియదు. అన్నీ కలిస్తే మాత్రం అరవై అడుగుల మానుని సముద్రపు గాలిలో నిలబెడతాయి.

నువ్వు వెతుకుతున్నది తల్లివేరు. ఫలానా పని కోసమే పుట్టానని చెప్పుకోగలిగేది. అలాంటిది కొందరికి ఉంటుంది. కాటన్ దొరకి ఉంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. మన బోదెలో పారే నీళ్లు ఆ పుణ్యమే. ఆయనకి దండం పెడదాం. కానీ ఆ కాలవలు తవ్వినవాళ్లు వేలమంది ఉన్నారు కదా, తట్టలో మట్టి మోసిన ఆడవాళ్లున్నారు కదా. వాళ్లలో ఎవరికీ కోనసీమని పచ్చగా చెయ్యాలన్న లక్ష్యం ఉండి ఉండదు. సాయంత్రానికి పిల్లలకి గంజి కాచాలి, చెల్లెలి పెళ్లి చెయ్యాలి, పక్కన తవ్వేవాడి కంటే తను వెనకబడకూడదు. అవన్నీ పీచువేళ్లు. వాటి మీదే కాలవ నడిచింది. వాళ్ల బతుకులు లక్ష్యం లేని బతుకులని అనగలవా?

నన్నే చూడు. నాకు ఇన్నేళ్లొచ్చినా తల్లివేరు లేదు. పొద్దున్నే లేచి మీ నాయనమ్మకి కాఫీ కలపాలి. కాలవకి నీళ్లొదిలే ముందు బోదె పూడిక తియ్యాలి. పక్కింటి కుర్రాడికి సాయంత్రం లెక్కలు చెప్పాలి. వాడు భిన్నాల దగ్గర ఆగిపోయాడు, వాణ్ణి దాటించేదాకా నాకు నిద్ర పట్టదు. ఇవేమీ ఇంటర్వ్యూలో చెప్పుకునేవి కావు. కానీ రేపు నేను లేవకపోతే వీటిలో ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి తెలుస్తుంది. నీ వేళ్లు కూడా అలాగే వెతుకు. ఈ వారం నువ్వు చెయ్యకపోతే ఎవరికి లోటు తెలుస్తుంది? ఆ కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పుతున్నానన్నావే, అదొక వేరు. మీ తమ్ముడి ఫీజులో సగం కడుతున్నావు, అదొకటి. లెక్కపెట్టుకో, నువ్వనుకున్నదాని కంటే ఎక్కువే ఉంటాయి.

ఇక తుఫాను సంగతి. నీకు కథలాగా చాలాసార్లు చెప్పాను గానీ, అందులో సగం చెప్పలేదు.

1996 నవంబరు 6. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. సాయంత్రం నుంచే గాలి తిరగడం మొదలైంది, రాత్రికి తీరం దాటింది. మనకి దిగువన సముద్రం ఒడ్డు పల్లెల్లో జనం కొట్టుకుపోయారు. మొత్తం మీద వెయ్యిమందికి పైగా పోయారు. ఆ దుఃఖం ముందు మన నష్టం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మనవాళ్లమంతా బతికాం. కానీ తెల్లారి తోటలోకి వెళ్తే ఆకాశం కనబడింది. రెండెకరాల్లో 140 చెట్లున్న తోటలో ఆకాశం ఎప్పుడూ అంత కనబడేది కాదు. నేను గట్టు మీద కూలబడిపోయాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. అమలాపురంలో డిగ్రీ చదివే మీ నాన్న, పెళ్లికెదిగిన మీ అత్త, సొసైటీలో బాకీ. బ్యాంకులో దాచింది ఏమీ లేదు. చెట్లే నా బ్యాంకు అనుకునేవాణ్ణి.

మూడోరోజు పంటు తాత వచ్చాడు. నువ్వు చిన్నప్పుడు పెట్టిన పేరే అది. ఎదుర్లంక నుంచి యానానికి గౌతమి మీద పంటు నడిపేవాడు. కాలవగట్టు తెగి దారి లేకపోతే మోకాల్లోతు బురదలో నడిచొచ్చాడు. నా పక్కన కూర్చుని చుట్ట వెలిగించి, "ఏడుస్తావా, లెక్కపెడదామా?" అన్నాడు. ఓదార్పు మాట ఒక్కటి లేదు. ఇద్దరం లేచి లెక్కపెట్టాం. వేళ్లతో సహా పడిపోయినవి 83. నిలబడే ఉన్నా మొవ్వు విరిగిపోయినవి 19. బాగున్నవి 38. ఆయన బొగ్గుముక్కతో గోడ మీద రాశాడు. 38 అనే అంకె చూశాక నాకు అన్నం సయించింది. లెక్క తెలియనప్పుడు పోయింది అంతా అనిపిస్తుంది, తల్లీ. రాసి చూసుకుంటే మిగిలింది కనబడుతుంది. నీకు గుండె బరువెక్కిన రోజున కాగితం తీసుకుని పడినవీ, విరిగినవీ, నిలిచినవీ రాసుకో.

మొదటి వారం రోజులూ ఊళ్లోకి అందరూ వచ్చారు. పెద్దవాళ్లు వచ్చారు, పొట్లాలు వచ్చాయి, ఫొటోలు తీశారు. పదిహేను రోజులయ్యాక ఎవరూ లేరు. పంటు తాత మాత్రం నెలకి రెండుసార్లు వస్తూనే ఉన్నాడు, ఆ ఏడాదంతా. అందుకే నీకు చెప్పేది: నీ స్నేహితురాలి ఇంట్లో కష్టమొస్తే మొదటిరోజు వెళ్లలేకపోయానని బాధపడకు. అప్పుడు చాలామంది ఉంటారు. మూడో వారంలో వెళ్లు. అప్పుడు ఆ ఇంట్లో కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయి.

స్నేహం గురించి మరో రెండు మాటలు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లాం కదా. గంగలకుర్రు అగ్రహారం ప్రభని కౌశికలో దించి, పీకల్లోతు నీళ్లలో దాటిస్తుంటే నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. అప్పుడు గమనించావో లేదో, అలిసిపోయినవాడు పక్కకి జరిగితే ఇంకోడు వచ్చి భుజం పెట్టాడు. తప్పుకున్నవాణ్ణి ఎవరూ తిట్టలేదు. ఊపిరి తీసుకుని వాడే మళ్లీ వచ్చి పట్టుకున్నాడు. వైజాగు అమ్మాయి ఇప్పుడు భుజం దించింది, చంటిబిడ్డ ఉంది. అమెరికా అమ్మాయి ఖర్చులతో, పరీక్షలతో సతమతమవుతోంది. ఈ ఏడాది బరువు నువ్వు మొయ్యి. నెలకొకరికి గొంతుతో మాట్లాడు, గ్రూపులో బొమ్మలు పంపడం కాదు. ఎవరు ఎన్నిసార్లు చేశారని లెక్క పెట్టకు. నీ భుజం అలిసే రోజు వస్తుంది, అప్పుడు వాళ్లొస్తారు. రెండు మూడేళ్లు మోసినా ఒక్కసారైనా భుజం పెట్టనివాళ్లు ఒకరిద్దరు తేలతారు. వాళ్లని తిట్టకుండా, నెమ్మదిగా వదిలెయ్యి.

నువ్వే నాకొక వీడియో పంపావు గుర్తుందా, హార్వర్డు వాళ్లది. 1938లో మొదలుపెట్టి ఎనభై ఏళ్లు దాటినా కొన్ని వందలమంది జీవితాల్ని గమనిస్తూనే ఉన్నారట. మంచి అనుబంధాలున్నవాళ్లే ముసలితనంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారని తేలిందట. నాకు ఆ తేలిన సంగతి కంటే వాళ్లు చేసిన పని నచ్చింది. అన్నేళ్లపాటు వదలకుండా వెళ్లి "ఎలా ఉన్నారు?" అని అడగడం మాటలా?

ఎడం మాట కూడా చెప్పాలి. కొబ్బరికీ కొబ్బరికీ మధ్య 25 అడుగులు వదలాలని మా నాన్న చెప్పేవారు. తుఫాను తర్వాత మళ్లీ మొక్కలు వేసేటప్పుడు పోయినదంతా తొందరగా రాబట్టాలన్న ఆత్రంలో కాలవవైపు వరసలో 15 అడుగులకొకటి గుచ్చేశాను. పంటు తాత చూసి, "నీకు కావలసింది చెట్లా, కాయలా?" అన్నాడు. నాకు కోపమొచ్చింది, నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆ వరస ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడు. వెలుతురు కోసం ఒకదాన్ని మించి ఒకటి సన్నగా పొడుగ్గా పెరిగిపోయాయి. కాపు సగం కూడా లేదు. స్నేహితులైనా, రేపు కట్టుకున్నవాడైనా, మట్టలు తగిలీ తగలనంత ఎడం ఉండనివ్వు. వాళ్లకీ కాస్త ఎండ తగలాలి. నీ రోజులో కూడా అంతే. ఆఫీసు, కోర్సు, జిమ్ము, ఇంకో కోర్సు అని 15 అడుగులకొకటి గుచ్చకు. ఇంకొకటి: నీ మొహం మీదే "ఇది తప్పు" అనగలిగిన స్నేహితురాల్ని ఒక్కర్ని పోగొట్టుకోకు. కోపం నెల్లాళ్లు ఉంటుంది, చెట్టు అరవై ఏళ్లు ఉంటుంది.

ఇక రేపటి సంగతి. అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావని అడిగారు కదా.

1997 వానాకాలంలో మళ్లీ మొక్కలు నాటాను. మన దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఏం తినాలి? మధ్యలో కంద వేశాను, అది ఎనిమిది తొమ్మిది నెలల్లో చేతికొచ్చింది. అరటి వేశాను, ఏడాది తిరిగేసరికి గెలలు రావులపాలెం వెళ్లాయి. కంద డబ్బుతో ఇల్లు గడిచింది, అరటి డబ్బుతో మీ అత్త పెళ్లయింది, కొబ్బరి జోలికి ఎవరూ వెళ్లలేదు. నువ్వు పుట్టేనాటికి ఆ మొక్కలు నాలుగేళ్లవి. నీకు మూడేళ్లప్పుడు మొదటి పూగెల విచ్చింది, నిన్ను ఎత్తుకుని చూపించాను.

నీ జీతం కూడా అలాగే మూడు పంటలుగా వేసుకో. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పక్కన పెట్టు, అది కంద. ఉద్యోగం పోయినా, చేసేచోట అవమానం జరిగినా లేచి వచ్చెయ్యడానికి ధైర్యమిచ్చేది అదే. రెండు మూడేళ్లలో కావలసినవాటికి, చదువో పెళ్లో, రికరింగ్ డిపాజిట్ లాంటివి, అది అరటి. మూడోది పీఎఫ్. నీ మూలజీతంలో 12 శాతం కోస్తారు, కంపెనీ కూడా అంతే వేస్తుంది, దాంట్లో కొంత పింఛనుకి పోతుంది. కంపెనీ మారినప్పుడల్లా ఆ డబ్బు తీసి ఫోను కొనుక్కునే పిల్లల్ని చూశాను. నువ్వలా చెయ్యకు, కొత్త కంపెనీకి మార్పించుకో. నాలుగేళ్ల కొబ్బరిమొక్కని నరికి పొయ్యిలో పెట్టుకున్నట్టే అది. నోటిలెక్క ఒకటి చెబుతాను. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది. 8 శాతమైతే తొమ్మిదేళ్లు. నీ ఇరవై నాలుగో ఏట వేసిన లక్ష అరవైకి నాలుగుసార్లు రెట్టింపై 16 లక్షలవుతుంది. ముప్ఫై మూడో ఏట వేస్తే 8 లక్షలే. ఆ తొమ్మిదేళ్లని తర్వాత ఎంత కష్టపడినా కొనుక్కోలేం.

అన్నీ ఒకచోటే పెట్టకు. నా బ్యాంకు ఒక్క రాత్రిలో పడిపోయిందని చెప్పానుగా. ఆరోగ్య బీమా తీసుకో, మీ అమ్మానాన్నల పేర్లు కూడా చూడు. నామినీ పేరు రాయించు. స్నేహితులకి అప్పిస్తే, తిరిగి రాకపోయినా వాళ్ల మొహం చూసి నవ్వగలిగినంతే ఇవ్వు.

కానీ రేపటి గురించి ఆలోచించడమంటే డబ్బొక్కటే అనుకునేవు. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు కిందకి వెళ్లి తలెత్తి చూడు. నెలకి ఇంచుమించు ఒక మట్ట వేస్తుంది, మట్టకొక పూగెల. పువ్వు విచ్చిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి ఏడాది. అందుకని చెట్టు మీద ఎప్పుడు చూసినా అన్ని వయసుల గెలలూ ఉంటాయి. పైన ఇప్పుడే విచ్చిన పువ్వు, దాని కింద పిందెలు, మధ్యలో బొండాలు, అడుగున దింపుకి వచ్చిన ముదురుకాయలు. చెట్టుని అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావని అడిగితే చెప్పలేదు. ఈ నెల పూగెల వేశావా అంటే వేశానంటుంది. అయిదేళ్ల సంగతి తెలియకపోతే తెలియనీ. నెలకొక కొత్త గెల వెయ్యి. ఒక నెల ఏదైనా నేర్చుకోవడం మొదలుపెట్టు, ఒక నెల కొత్త మనిషితో పరిచయం చేసుకో, ఒక నెల పాత అప్పు తీర్చు. కొన్ని పిందెలోనే రాలిపోతాయి. చెట్టుకీ రాలతాయి. ఒక నెల మానేస్తే ఇవాళ లోటు కనబడదు. ఏడాది తర్వాత దింపుకి మనిషి ఎక్కినప్పుడు, అక్కడ గెల ఉండదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మొవ్వు. కొబ్బరికి కొమ్మల్లేవు, ప్రాణమంతా తలలోని మొవ్వులోనే. వేళ్లు కొన్ని తెగినా బతుకుతుంది, మట్టలు విరిగినా బతుకుతుంది, మొవ్వు పోతే ఇక లేదు. ఆనాడు నిలబడి ఉన్న 19 చెట్లూ అలాగే పోయాయి. కొమ్ముపురుగు మొవ్వులో దూరి లోపలి లేతాకుని కొరికినా బయటికి తెలియదు. నెలల తర్వాత ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనబడుతుంది. రాత్రి రెండింటిదాకా మేలుకుని పనిచేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. తిండి కూడా వేళకి లేదట. ఇవాళ నీకేమీ కనబడదు. ఆకు విచ్చుకునే రోజున కనబడుతుంది. ఆ కంపెనీకి ఇంకో మనిషి దొరుకుతుంది తల్లీ, నీకు ఇంకో మొవ్వు రాదు.

పంటు తాత సంగతి పూర్తి చెయ్యలేదు. 2002లో ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన వచ్చింది. అందరూ సంబరపడ్డారు. ఆయన పంటు ఒడ్డున పడిపోయింది. ముప్ఫై ఏళ్లు చేసిన పని ఒక్కరోజులో అక్కర్లేనిదైపోయింది. ఈసారి నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఏడుస్తావా, లెక్కపెడదామా?" అన్నాను, ఆయన మాటే. నవ్వాడు. రెండు నెలలకి పాత ఆటో ఒకటి కొన్నాడు. హైస్కూలు పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ఎలా ఉందని అడిగితే, "ఏముందిరా, జనాన్ని అవతలికి చేర్చడమే కదా మన పని. రేవు మారింది, అంతే" అన్నాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ ఆ పిల్లల్లో ఎవరో ఒకరు, ఉద్యోగాలొచ్చి సెలవలకి వచ్చినవాళ్లు, ఆయన భార్యని చూడ్డానికి వెళ్తుంటారు. ఆయనకి లక్ష్యం ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చివరగా ఒకటి. నువ్వు వెళ్లినవారం దింపు పెట్టించాను. బాగా ముదిరిన కాయలు ఇరవై ఏరి, డొక్కతోనే అటక మీద వేశాను. నీవి. నీళ్లు ఇంకి, లోపల కొబ్బరి చిప్పని వదిలి కురిడీ అవడానికి పది నెలలైనా పడుతుంది. అయిందో లేదో పగలగొట్టి చూడకూడదు. పగలగొడితే పచ్చికాయా మిగలదు, కురిడీ అవదు. అప్పుడప్పుడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. ఇవాళ ఒకటి ఊపి చూశాను. ఇంకా నీళ్ల చప్పుడే వస్తోంది.

వచ్చే సంక్రాంతికి వచ్చి నువ్వే ఊపి చూద్దువుగాని. వచ్చేటప్పుడు బెంగుళూరు పిల్లలిద్దర్నీ కూడా తీసుకురా. మీ నాయనమ్మ పూతరేకులు చుట్టిపెడతానంటోంది.

ఇట్లు,
మీ తాతయ్య